సాయం అడగాలన్నా భర్త వీసాయే చూడాలి

1965 వలస చట్టం తర్వాత అమెరికా చేరిన భారతీయుల్లో డాక్టర్లు, ఇంజనీర్లు ఎక్కువ. బుద్ధిమంతులన్న పేరు త్వరగానే వచ్చింది. ఆ పేరు చెడకూడదని, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల సంగతి గుళ్లలో, సంఘాల వేడుకల్లో ఎత్తేవారు కాదు. అలాంటి స్త్రీకున్న దారల్లా పుట్టింటికి ఉత్తరమో, ఖరీదైన ఫోను కాలో. అటునుంచి వచ్చే జవాబు మనకు తెలిసిందే: సర్దుకుపో.

1985లో న్యూజెర్సీలో కొందరు స్త్రీలు ‘మానవి’ని పెట్టారు. దక్షిణాసియా స్త్రీల కోసం అమెరికాలో పుట్టిన తొలి సంస్థ అది. 1989లో న్యూయార్కులో ‘సఖి’, తర్వాత కాలిఫోర్నియాలో ‘మైత్రి’, ‘నారిక’ వచ్చాయి. అమెరికన్ షెల్టర్లు అప్పటికే ఉన్నాయి. కానీ అత్తగారూ ఆడపడుచూ కూడా కొడతారని ఇంగ్లీషులో ఎవరికి చెప్పుకోవాలి? ఆ గోడు తన భాషలో వినే మనిషి దొరకడమే పెద్ద మలుపు.

చట్టం మాత్రం ఎదురు నడిచింది. దొంగపెళ్లిళ్లు అరికట్టాలని 1986లో కొత్త పెళ్లికూతుళ్లకు రెండేళ్ల షరతు గ్రీన్‌కార్డు పెట్టారు. షరతు తొలగాలంటే భర్తతో కలిసి దరఖాస్తు చేయాలి. కొట్టేవాడి సంతకమే దిక్కన్నమాట! 1990లో బాధితులకు మినహాయింపు దక్కింది. 1994 చట్టంతో పౌరుల భార్యలు, గ్రీన్‌కార్డుదారుల భార్యలు హింసకు గురైతే భర్తకు తెలియకుండానే గ్రీన్‌కార్డుకు సొంతంగా అర్జీ పెట్టుకోగలిగారు.

తెలుగు భార్యల్లో చాలామందికి ఇది అందలేదు. సాఫ్ట్‌వేర్ భర్తది హెచ్-1బి ఉద్యోగ వీసా, ఆమెది దాని మీద ఆధారపడ్డ హెచ్-4. భర్తకే గ్రీన్‌కార్డు లేకపోతే ఆ అర్జీ చెల్లదు. విడాకులైతే హెచ్-4 పోతుంది. 2000లో వచ్చిన యు వీసా నేరబాధితులకు దారి చూపినా, పోలీసుల ధ్రువపత్రం కావాలి. ఏటా ఇచ్చేవి 10,000, వరుస మాత్రం ఏళ్ల పొడవు. బాధిత హెచ్-4 భార్యలకు పని అనుమతి ఇవ్వాలని 1994 చట్టపు 2005 సవరణ చెప్పింది. అందుకు దరఖాస్తు ఫారం 2017లో గానీ రాలేదు. ఇంత జాప్యానికి సమర్థన లేదు.

అమెరికా సంబంధం ఖాయం చేసే తల్లిదండ్రులకు ఒక్క మాట. అల్లుడి జీతంతో పాటు అతని వీసా ఏమిటో అమ్మాయికీ తెలియాలి. పాస్‌పోర్టు, వీసా, పెళ్లి సర్టిఫికెట్ నకళ్లు ఒక సెట్టు మీ బీరువాలో ఉంచండి.