స్క్రూ ముందు తిప్పకండి! వాల్వ్ రేడియో వెనక 1918 నాటి ఐడియా

ఇవాళ గాజు వాల్వులతో పనిచేసే పాత చెక్క రేడియో గురించి మాట్లాడుకుందాం. స్విచ్ వేశాక వాల్వులు వేడెక్కితే గానీ ఇది నోరు విప్పదు.

మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, అమెరికా సైన్యంలో పనిచేస్తున్న ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పారిస్‌లో ఉన్నాడు. అప్పటి వాల్వులకి ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ని పెంచే శక్తి లేదు. అందుకని ఆయన సిగ్నల్‌నే కిందికి దించాడు. రేడియో లోపల ఇంకో ఫ్రీక్వెన్సీ పుట్టించి, బయటినుంచి వచ్చినదానితో కలిపితే రెండింటి తేడా వస్తుంది. ఏ స్టేషన్ పెట్టినా ఆ తేడా ఒకటే ఉండాలి. పెంచే పని ముఖ్యంగా అక్కడే జరుగుతుంది. ఇదే సూపర్‌హెటెరొడైన్. ఫ్రాన్స్‌లో లూసియన్ లెవీ కూడా దాదాపు అప్పుడే ఇదే ఆలోచన చేశాడు, పేటెంట్ గొడవ కూడా నడిచింది.

మన లెక్కలో చూద్దాం. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి ఇప్పటి మీడియం వేవ్ ఫ్రీక్వెన్సీ 837 కిలోహెర్ట్జ్. చాలా సెట్లలో ఆ తేడా 455. అంటే ముల్లు 837 మీద ఉంటే లోపలి ఆసిలేటర్ 1292 దగ్గర ఉండాలి. ఈ లెక్క డయల్ మొత్తం కుదిరేలా చేయడమే అలైన్‌మెంట్.

సెట్టు మూగబోతే చాలామంది ముందు ఆ స్క్రూలే తిప్పేస్తారు. నేను వాటిని చివరిదాకా ముట్టుకోను. ఎందుకంటే అవి వాటంతటవి పెద్దగా కదలవు. పాడయ్యేది ఎక్కువగా కాగితం కెపాసిటర్లు. అవుట్‌పుట్ వాల్వ్ గ్రిడ్ దగ్గరున్న కెపాసిటర్ లీకైతే వాల్వ్ హద్దు మీరి కరెంటు లాగుతుంది. దాంతో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అలాంటిది మళ్లీ దొరకడం కష్టం. అందుకే అటక మీంచి దించగానే ప్లగ్ పెట్టకూడదు.

కెపాసిటర్లు మార్చి, వోల్టేజీలు చూసుకున్నాక జనరేటర్‌తో 455 ఇచ్చి, ప్లాస్టిక్ పుల్లతో ఐఎఫ్ కోర్లు సరిచేస్తాను. తర్వాత డయల్ కింది చివర 600 దగ్గర కాయిల్, పై చివర 1400 దగ్గర ట్రిమ్మర్. ఒకటి సరిచేస్తే రెండోది కొంచెం జరుగుతుంది, అందుకే రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరగాలి.

ఒక్క జాగ్రత్త: లోపల 200 వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ మిగులుతుంది. తెలిసినవాళ్లు పక్కన లేకుండా చెయ్యి పెట్టొద్దు.

మీ ఇంటి అటక మీద ఏ రేడియో ఉంది? కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.