చెక్క దిమ్మ, పటిక నీరు

బందరు అద్దకపు బట్టలు ఒకప్పుడు పారశీక దేశమునకును, ఐరోపాకును ఓడలలో తరలిపోయెడివి. ఆంగ్లేయులు 1611లో బందరున వర్తక స్థావరము నెలకొల్పిరి. గోదావరి ప్రాంతమున పాలకొల్లులో డచ్చివారికి బట్టల వర్తక స్థావరముండెను. కోరమాండల్ తీరమునుండియు, ఇతర భారత రేవులనుండియు వచ్చు అద్దకపు బట్టల గిరాకీకి వెరచి ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో వానిని నిషేధించెను. ఇంగ్లండులో 1721 నాటి చట్టము అద్దకపు నూలుబట్టలను ధరించుటనే చాలవరకు మాన్పించెను.

ఈ గిరాకీకి కారణమేమి? ఎన్నిమార్లు ఉదికినను వెలవని రంగు. నూలుబట్టపై అట్టి రంగును నిలుపు విద్య అప్పటి ఐరోపావారికి చక్కగా తెలియదు.

అద్దకపు పనివారు టేకు చెక్కపై లతలను, పువ్వులను ఉలితో చెక్కి దిమ్మలు తయారుచేయుదురు. ఒక నమూనాకు ఒకే దిమ్మ చాలదు. గీతల కొకటి, ఒక్కొక్క రంగునకు ఒక్కొక్కటి కావలెను. ఆ దిమ్మతో బట్టపై రంగునే అద్దుదురని చూచువారు తలంతురు. ఎరుపు విషయమున అది నిజము కాదు. దిమ్మ అద్దునది జిగురు కలిపిన పటిక నీరు మాత్రమే.

మొదట బట్టను కరక్కాయ రసము, గేదెపాలు కలిపి అందు తడిపి ఆరవేయుదురు. పాలలోని కొవ్వు అద్దకము చెదరకుండ కాపాడును. పిమ్మట పటికను అద్ది, పారునీట జాడించి, చిరివేరు వేసి కాచిన నీటిలో ఉడికింతురు. ఆ వేరులో ఎలిజరిన్ అను రంగుపదార్థ మున్నది. అది పటికలోని అల్యూమినియముతో కలిసి నీట కరుగని ఎర్రని సమ్మేళనమై నూలుపోగులను పట్టుకొనును. పటిక సోకిన చోటులే ఎర్రనగును. మిగిలిన చోట అంటిన రంగు ఉదుకుటచేతను, ఎండచేతను తొలగిపోవును. నలుపునకు బెల్లపు నీటిలో పాత ఇనుమును ఊరవేసిన రసము వాడుదురు. అందలి ఇనుము కరక్కాయలోని టానిన్‌తో కలిసి వెంటనే నల్లబడును.

1868లో గ్రేబె, లీబర్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు ఎలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిరి. చౌకయైన ఆ రంగు రాగా చిరివేరు సాగు క్షీణించెను. అయినను పటిక అవసరము తీరలేదు. కృత్రిమ ఎలిజరిన్ కూడ పటిక లేనిదే బట్టపై నిలువదు.

బందరునకు దాపుననున్న పెడనలో ఈ పని నేటికిని సాగుచున్నది. కాని వేగముగ సాగు స్క్రీను ముద్రణ దానితో పోటీపడుచున్నది. మరియొక వైపు, దేశమున కొందరు చిత్రకారులు పాత దిమ్మలకు సిరా పూసి కాగితముపై ముద్రలు తీయుచున్నారు. ఇది మెచ్చదగిన పనియే. అరిగిన గీతతోసహా చెక్కినవాని నేర్పు కాగితముపై నిలుచును. అయితే కాగితముపై దక్కునది రూపము మాత్రమే. పటిక ఎంత చిక్కగ నుండవలెనో, బట్ట నెంతసేపు ఉడికింపవలెనో దిమ్మ చెప్పజాలదు. ఆ తెలివి పనివారి చేతులలో నున్నది. దిమ్మను అద్దాల బీరువాలో భద్రపరచి ఆ తెలివిని జారవిడిచినచో, మనకు మిగులునది సగము వారసత్వమే.

పాఠశాలలో దీని నొకింత పరీక్షించి చూడవచ్చును. కొన్ని ఇనుపమేకులను కొద్దిదినములు వినిగరులో నానవేయుడు. కరక్కాయ కషాయములో తడిపి ఆరవేసిన తెల్లని నూలుగుడ్డపై, బెండకాయ కోసిన ముక్కతో ఆ రసమును అద్దుడు. చూచుచుండగనే నల్లని పువ్వులు తేలును.