నూతికి వర, గుంటకు దడి

ఆదిపర్వం చదివిన మిత్రులకు దేవయాని కథ కొత్త కాదు. శర్మిష్ఠ ఆమెను నూతిలో త్రోయడం, యయాతి చేయి పట్టి పైకి తీయడం అందరూ ఎరిగినదే. ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు అడిగేవారు: "మాస్టారూ, ఆ నూతికి వర లేదా?" గడ్డీ తీగలూ కప్పిన పాడునుయ్యి అది, అనేవాణ్ణి. వర కట్టించే పూచీ ఎవరిదన్న విచారణ భారతంలో లేదు. మన చట్టంలో ఉంది.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 133వ సెక్షను ప్రకారం, దారి పక్కనో జనం మసలే చోటి పక్కనో ఉన్న చెరువుకు, నూతికి, గోతికి కంచె వేయమని మెజిస్ట్రేటు ఆసామికి ఉత్తరువు ఇవ్వవచ్చు. ఆసామి కంచె అయినా వేయాలి, ఎందుకు వేయనక్కరలేదో హాజరై అయినా చెప్పుకోవాలి. అదీ కాకుంటే జ్యూరీని కోరవచ్చు! కనీసం అయిదుగురు ఉండాలి, సంఖ్య బేసి కావాలి. జ్యూరీ పెద్దనూ, మిగిలినవారిలో సగం మందినీ మెజిస్ట్రేటు ఎంచుతాడు. తక్కినవారిని ఆసామి ఎంచుకుంటాడు. గోతికి కంచె కావాలా వద్దా అని తేల్చడానికి ఇంత సభ! నాకైతే మన రచ్చబండే గుర్తుకు వచ్చింది. 1973 కోడులో జ్యూరీ పోయింది, సెక్షను సంఖ్య నిలిచింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే 152.

"దారి పక్కన" అన్న మాట గమనించండి. చట్టం బాటసారిని తలచుకొన్నది గాని పెరట్లోకి తొంగిచూడలేదు.

మా కోడూరు సముద్రానికి చేరువ పల్లం. భూమిలో ఉప్పునీరు, కాలువ నీటిని చెరువులో నిలవచేసుకొని త్రాగిన సీమ. ఇంటి అరుగు మెరక చేయడానికి మా పెద్దలు పెరట్లోనే మట్టి తవ్వారు, ఆ గొయ్యి గుంటయింది. దాని చుట్టూ మా అమ్మ తాటాకు మట్టలతో దడి కట్టించేది. వానలకు కుళ్ళేది గనుక ఏటా మార్చేవారు. మా తమ్ముడు నడక నేర్చిన ఏడు ఎందుకో ఆలస్యమైంది. వాణ్ణి మా పాలేరు జుట్టు పట్టి పైకి లాగాడు. బ్రతికాడు. ఆ సాయంత్రానికే కొత్త దడి లేచింది.

ఆసామి సొంత నేలమీదికి న్యాయస్థానం గట్టిగా దృష్టి సారించింది బోరుబావుల విషయంలో. 2010 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, బోరు వేసే 15 రోజుల ముందే అధికారులకు వ్రాతపూర్వకంగా తెలపాలని, తవ్వేటప్పుడు చుట్టూ కంచె ఉండాలని, విడిచిన గొట్టాన్ని అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని నిర్దేశించింది. పసివాళ్ళు పడి చనిపోయిన తరువాత వచ్చిన ఆదేశాలివి.

ఇక ఇంటి ఈతకొలను సంగతి. ఆస్ట్రేలియాలో, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1992లోనే దీనికి ప్రత్యేక చట్టం చేసింది. నాలుగడుగుల కంచె, తనంతట మూసుకొనే గేటు ఉండాలి. కొలను పేరు రిజిస్టరుకు ఎక్కాలి. 2016 నుంచి ఇల్లు అద్దెకిచ్చేవారు తనిఖీ పత్రం చూపాలి. అమ్మేటప్పుడు లోపముందన్న పత్రంతోనూ అమ్మవచ్చు, కాని కొన్నవాడు 90 రోజుల్లో దిద్దుకోవాలి. అక్కడి మన పిల్లలకు ఇది తెలిసిన తతంగమే. మా అమ్మ దడికి ఏ రిజిస్టరూ లేదు. వానాకాలానికి ముందు దాన్ని చేత్తో కదిపి చూసేది, అంతే.

ఆ 133 జ్యూరీలో కూర్చున్నవారి ప్రస్తావన మీ తాతగార్ల కాగితాలలో ఎక్కడైనా తగిలితే దయచేసి తెలపండి. మా తాలూకాలో నాకింకా ఒక్కటీ దొరకలేదు.