కామాటిపుర, తెలుగు చాళ్ల బస్సు రవాణా: బస్సులు, రూట్లు, సర్వీసుల సమతూకం

ప్రాంతీయ బస్సు సంస్థ నడక మూడు నిర్ణయాల మీద ఆధారపడుతుంది: ఎన్ని బస్సులు కొనాలి, వాటిని ఏ రూట్లలో తిప్పాలి, ఎంతసేపటికొక బస్సు వేయాలి. వీటిలో ఏ ఒక్కదాన్ని మార్చినా ఆ ప్రభావం మిగతావాటి మీద పడుతుంది. ముంబైలో తెలుగువారు తరతరాలుగా ఉంటున్న కామాటిపురలోనూ, తెలుగు చాళ్లనే వరుస గదుల నివాసాల్లోనూ ఈ లెక్క రెండు చోట్ల ఎదురవుతుంది. రోజూ పనికి వెళ్లే సిటీ బస్సు మునిసిపల్ సంస్థ అయిన బెస్ట్‌ది. పండక్కి ఊరెళ్లే రాత్రి బస్సు ఆర్టీసీదో, ప్రైవేటు ట్రావెల్స్‌దో అవుతుంది.

నేపథ్యం

18వ శతాబ్దం చివరి నుంచి బొంబాయి కట్టడాల పనికి నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి కూలీలు వలస వచ్చారు. కామాటీలనే వారి పేరు మీదే కామాటిపుర ఏర్పడింది. తర్వాత బట్టల మిల్లుల్లో పనికి వచ్చిన పద్మశాలీలు, ఇతర కులాలవారు వర్లీ, లోయర్ పరేల్ వైపు చాళ్లలో స్థిరపడ్డారు. నగరంలో తొలి బస్సు 1926 జూలై 15న అఫ్గాన్ చర్చి నుంచి క్రాఫర్డ్ మార్కెట్ దాకా నడిచింది. 1947లో ఈ రవాణా సంస్థ మునిసిపల్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. 1964లో ట్రాములు ఆగిపోవడంతో రోడ్డు మీది ప్రజా రవాణా భారం చాలావరకు బస్సు మీద పడింది.

రూట్ల రూపకల్పన

ముంబై లోకల్ రైళ్లు ఉత్తర దక్షిణాలుగా నడుస్తాయి. కామాటిపుర రెండు లైన్ల నడుమ ఉంది. ఒకవైపు పశ్చిమ లైను మీద గ్రాంట్ రోడ్, ముంబై సెంట్రల్ స్టేషన్లు, మరోవైపు మధ్య లైను మీద బైకుల్లా ఉన్నాయి. ఈ రెండు లైన్లనూ అడ్డంగా కలిపే పని ఇక్కడ బస్సుది. కామాటిపుర గల్లీల్లో పెద్ద బస్సు తిరగడానికి చోటు లేదు కాబట్టి అది నాగ్‌పాడా కూడలి, బెల్లాసిస్ రోడ్డు వంటి అంచులలోనే ఆగుతుంది.

రూటు గీసేటప్పుడు రెండు అవసరాలు పోటీ పడతాయి. ప్రతి వాడనూ తాకుతూ పోయే మెలికల రూటులో నడక తగ్గుతుంది, కానీ ప్రయాణ సమయం పెరుగుతుంది. తిన్నని పెద్దరోడ్డు మీద బస్సు వేగంగా పోతుంది, అయితే ముసలివాళ్లు, సామాన్లున్నవాళ్లు స్టాపు దాకా నడవాలి. ఉన్న బస్సులను ఎక్కువ రూట్లకు పంచితే ప్రతి స్టాపులోనూ ఎదురుచూపు పెరుగుతుంది.

బస్సుల సంఖ్య, సర్వీసుల వ్యవధి

ఒక రూటుకు ఎన్ని బస్సులు కావాలో తేల్చే సూత్రం సులువైనదే. బస్సు ఒక చుట్టు పూర్తిచేయడానికి పట్టే సమయాన్ని రెండు సర్వీసుల మధ్య వ్యవధితో భాగించాలి. ఉదాహరణకు ఒక వైపు ప్రయాణం 50 నిమిషాలు, రెండు చివరలా పదేసి నిమిషాల ఆగుడు అనుకుంటే చుట్టు 120 నిమిషాలవుతుంది. పది నిమిషాలకొక బస్సు వేయాలంటే 12 బస్సులు కావాలి, ఇరవై నిమిషాలకొకటైతే ఆరు చాలు. ట్రాఫిక్ వల్ల ఒక వైపు ప్రయాణం 65 నిమిషాలైతే చుట్టు 150 నిమిషాలవుతుంది. అదే వ్యవధి నిలబెట్టడానికి 15 బస్సులు కావాలి. అదనంగా మూడు దొరకకపోతే వ్యవధి పన్నెండున్నర నిమిషాలకు జారుతుంది. మరమ్మతులకు పోయే బస్సుల స్థానంలో తిప్పే స్పేర్ బస్సులు వీటికి అదనం.

అందువల్ల రోడ్డు మీది ఆటంకం కూడా బస్సుల కొనుగోలు ఖర్చుగా మారుతుంది. 2024 జూన్‌లో ముంబై సెంట్రల్, తార్‌దేవ్‌ల నడుమ ఉన్న పాత బెల్లాసిస్ వంతెనను కూల్చి మళ్లీ కట్టడానికి మూసినప్పుడు వాహనాలను చుట్టుదారి పట్టించారు. అలాంటి మళ్లింపు చుట్టు సమయాన్ని పెంచుతుంది. బస్సులు పెరగకపోతే ఆ భారాన్ని స్టాపులో నిలబడినవారే మోస్తారు.

పెట్టుబడి, అద్దె బస్సులు

బస్సు కొంటే పెట్టుబడితో పాటు డ్రైవర్లు, గ్యారేజీ, విడిభాగాల ఖర్చూ సంస్థదే. అద్దె పద్ధతిలో బస్సు, డ్రైవరు, మరమ్మతులు గుత్తేదారువి. సంస్థ రూటును, వేళలను నిర్ణయించి కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. బెస్ట్ 2019 నుంచి పెద్ద ఎత్తున ఈ పద్ధతికి మళ్లింది. అదే ఏడాది జూలైలో కనీస చార్జీని 8 రూపాయల నుంచి 5కు, ఏసీ బస్సులో 20 నుంచి 6కు తగ్గించడంతో ప్రయాణికులు పెరిగారు. బస్సులు ఆ స్థాయిలో పెరగలేదు. 2022లో ఒక గుత్తేదారు బస్సులను వెనక్కి తీసుకోవడంతో కొన్ని డిపోల్లో కొరత ఏర్పడింది. 2,100 విద్యుత్ బస్సులకు ఆ ఏడాదే కుదిరిన ఒప్పందం ప్రకారం రావాల్సినవి గడువులో రాలేదు. ఇంతలో పాత సొంత బస్సులు తుక్కుకు పోయాయి. 2025 మేలో కనీస చార్జీ 10 రూపాయలకు, ఏసీలో 12కు పెరిగింది. అద్దె బస్సు తొలి పెట్టుబడిని తప్పిస్తుంది, కానీ సర్వీసుల క్రమాన్ని గుత్తేదారు ఆర్థిక స్థితికి ముడిపెడుతుంది.

ఊరి బస్సు లెక్క

ముంబై నుంచి హైదరాబాద్ రోడ్డు మార్గాన సుమారు 700 కిలోమీటర్లు. సాయంత్రం బయలుదేరిన బస్సు మర్నాడు ఉదయం చేరి, అదే సాయంత్రం తిరుగు ప్రయాణం కడుతుంది. అంటే ఒక బస్సుకు రానుపోను రెండు రోజులు పడతాయి. రెండు వైపులా రోజూ ఒక్క సర్వీసు ఉండాలన్నా రెండు బస్సులు, వాటికి ఆసరాగా స్పేర్, దారిలో మారడానికి ఇద్దరేసి డ్రైవర్లు కావాలి. మిగతా తెలుగు జిల్లాలకు విడివిడిగా సర్వీసులు వేయాలంటే ప్రతిదానికీ ఇదే లెక్క. నిజామాబాద్ వైపువారికి దేవగిరి ఎక్స్‌ప్రెస్ రైలు ఉండటం బస్సుకు వచ్చే ఆదాయాన్ని తగ్గిస్తుంది.

రాష్ట్రం దాటే ఆర్టీసీ సర్వీసులకు 1988 మోటారు వాహనాల చట్టం కింద రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం అవసరం. అందువల్ల గిరాకీ కనిపించిన వెంటనే సర్వీసు పెంచడం కుదరదు. టూరిస్టు పర్మిట్‌తో తిరిగే ప్రైవేటు ట్రావెల్స్ ఆ ఖాళీని నింపుతాయి. గిరాకీ లేని రోజుల్లో బస్సును ఆపేసే వెసులుబాటు వాటికి ఉంది. ప్రజల సంస్థగా ఆర్టీసీ ఏడాది పొడవునా నడపాలి.

బతుకమ్మ, దసరా ముందు ఊరివైపు బస్సులు కిక్కిరిసి వెళ్లి, ఖాళీగా తిరిగొస్తాయి. పండగ తర్వాత ఇది తలకిందులవుతుంది. ఈ ఒకవైపు నష్టాన్ని పూడ్చుకోవడానికే ఆర్టీసీ ప్రత్యేక సర్వీసులకు మామూలు చార్జీకి ఒకటిన్నర రెట్ల దాకా తీసుకునే పద్ధతి తెచ్చింది. ఆ కొద్ది రోజుల రద్దీ కోసం కొత్త బస్సులు కొంటే మిగతా ఏడాది అవి డిపోలో నిలబడాలి.

కొలమానాలు

సర్వీసు నిలవాలా వద్దా అన్నది సంస్థలు కిలోమీటరుకు వచ్చే ఆదాయం, కిలోమీటరుకు అయ్యే ఖర్చు, ఆక్యుపెన్సీ రేషియో (సీట్లలో ఎంత శాతం నిండుతున్నాయో) చూసి తేలుస్తాయి. ఈ మూడే కొలతలైతే తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక నడిచే ట్రిప్పులకు మొదట కోత పడుతుంది. మార్కెట్లలో, ఆసుపత్రుల్లో, ఇళ్లలో పనిచేసే చాళ్లవారు ఎక్కేది ఆ ట్రిప్పులే. ట్రిప్పు తగ్గితే ప్రయాణికులు షేర్ టాక్సీలకు మళ్లుతారు, ఆదాయం పడిపోయి ఇంకో ట్రిప్పుకు కోత పడుతుంది. కాబట్టి చివరి ట్రిప్పు ఖర్చును ఆ ఒక్క ట్రిప్పు ఆదాయంతో కాక మొత్తం రూటు ఆదాయంతో కలిపి చూడటం సరైన పద్ధతి. రాత్రి తిరిగి వెళ్లే బస్సు ఉందన్న భరోసా ఉంటేనే ఉదయం బస్సెక్కుతారు.

2025లో భూగర్భ మెట్రో మూడో లైను ముంబై సెంట్రల్, గ్రాంట్ రోడ్, వర్లీలను కలుపుతూ పూర్తిగా మొదలైంది.  మెట్రోకు సమాంతరంగా నడిచే పొడవాటి రూట్లను కుదించి, అలా మిగిలే బస్సులను స్టేషన్లకు చేర్చే పొట్టి రూట్లలో తక్కువ వ్యవధితో తిప్పడానికి ఇక్కడ వీలుంది. చుట్టు సమయం తగ్గితే అవే బస్సులతో ఎక్కువ ట్రిప్పులు నడపవచ్చు.