కనబడలేదన్నంత మాత్రాన

పంచారామాలలో ఒకటైన క్షీరారామం మా పాలకొల్లులోనే ఉంది. పేరులోనే పాలున్న ఈ ఊళ్ళో మా తాతగారు కడుపుమంటకు చాలాకాలం పాలనే మందుగా పుచ్చుకున్నారు. ఆ పథ్యం ఆయన కల్పించుకున్నది కాదు. 1915లో అమెరికా వైద్యుడు సిప్పీ పుండు రోగులకు గంటగంటకూ పాలూ మీగడా ఇమ్మన్నాడు. లోకం ఆ మాట పట్టుకుంది. పుండుకు ఆమ్లమే కారణమనీ, ఆ ఆమ్లంలో సూక్ష్మజీవి నిలవదనీ నమ్మిన కాలమది.

నిజానికి ఆ జీవి అంతకు ముందే కంటబడింది. 1893లో ఇటలీలో బిజ్జొజెరో కుక్కల కడుపులో మెలికలు తిరిగిన సూక్ష్మజీవులను చూశాడు. 1940లో అమెరికాలో ఫ్రీడ్‌బర్గ్, బారన్‌లు శస్త్రచికిత్సలో తీసిన 35 కడుపు ముక్కలకు వెండి రంగు పట్టించి, 13 ముక్కలలో అటువంటి వాటినే గుర్తించారు. అయితే 1954లో పామర్ వెయ్యిమందికి పైగా రోగుల కణజాలం పరీక్షించి, ఒక్కటీ కనబడలేదని ప్రకటించాడు. ఆయన వాడినది మామూలు హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు. వాటిలో ఈ సన్నని జీవి తేలికగా కన్నుగప్పుతుంది. సంఖ్య పెద్దది కనుక ఆయన మాటే నిలిచింది.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ మామూలు రంగులోనే ఒక పలుచని నీలిగీతను అనుమానించి, వెండి రంగుతో నిర్ధారించుకున్నాడు. 1982లో బారీ మార్షల్‌తో కలిసి దానిని పెంచగలిగాడు. అదే నేటి హెలికోబాక్టర్ పైలోరీ. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఈ చరిత్ర మా ఇంటికీ వచ్చింది. మా నాన్నగారి బయాప్సీ నివేదికలో "బాక్టీరియా కనబడలేదు" అని ఉంటే ఊపిరి పీల్చుకున్నాం. అప్పటికి నెలరోజులుగా ఆయన ఆమ్లం తగ్గించే మాత్రలు వేసుకుంటున్నారు. ఆ సంగతి వారు అడగలేదు, మేము చెప్పలేదు. ఆ మాత్రల వల్ల బాక్టీరియా పలచబడి, కడుపు కింది భాగం విడిచి పైభాగానికి జరుగుతుంది. అందుకే పరీక్షకు రెండు వారాల ముందే వాటిని ఆపమంటారు. 1996లో వెలువడిన సవరించిన సిడ్నీ పద్ధతి ఐదు చోట్ల నుంచి ముక్కలు తీయమన్నదీ, బాక్టీరియా అంతటా సమానంగా ఉండదు కనుకనే. మాత్రలు ఆపి మళ్ళీ చేయిస్తే అది కనబడింది. చికిత్సతో నాన్నగారు కోలుకున్నారు.

మిత్రులారా, అటువంటి నివేదిక మీ చేతికి వస్తే మూడు సంగతులు అడగండి: ముక్కలు ఎన్ని చోట్ల తీశారు, ఏ రంగు వాడారు, అప్పుడు రోగి ఏ మందులు వాడుతున్నారు? తాతగారి కాలంలో ఈ ప్రశ్నలు అడిగేవారు లేరు. పాలు ఆయనకు కాసేపు ఉపశమనం ఇచ్చేవి. ఆపైన మంట మళ్ళీ మొదలయ్యేది.