తార్నాక మీది ఆకాశం

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ దాటి తార్నాక చేరే బాటసారికి ఆ పేరులో మొదట నక్షత్రమే వినిపించవచ్చు. అది ఆకాశపు తార కాదనీ, తీగకంచె గల నాకా వల్ల ఆ పేరు వచ్చినదనీ పెద్దలు చెబుతారు. అయినా ఈ విద్యాలయానికి నింగితో సంబంధం లేకపోలేదు.

కుజునికీ గురునికీ నడుమ సూర్యుని చుట్టూ తిరిగే శిలాఖండాలను గ్రహశకలాలంటాము. వానిలో మొదటిదైన సెరెస్‌ను 1801 జనవరి 1న పియాజీ కనుగొన్నాడు. 1861లో మద్రాసు వేధశాలనుండి పోగ్సన్ ఒకదానిని కనిపెట్టి ‘ఆసియా’ అని పేరు పెట్టినాడు. 1885లో ఆయనకే ‘వెరా’ దొరికినది. ఆపైన మన దేశానికి దీర్ఘ విరామం.

ఆ విరామంలో మనవారు ఊరక కూర్చుండలేదు. 1901లో నవాబు జాఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా అధీనంలోకి వచ్చినది. అనేక దేశాలు ఆకాశాన్ని పంచుకొని ఛాయాచిత్రాలు తీస్తుండగా, తన వంతుగా బేగంపేటలో అది 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచినది. ఇందులో కొత్త గ్రహం దొరికిన సంబరం లేదు. కాని నిలిచిన చుక్కలెక్కడ ఉన్నవో తెలియనిదే కదిలిన చుక్క ఏదో తెలుసుకొనుట ఎట్లు?

ఆ వేధశాల ఉద్యోగి కుమారుడే వైను బప్పు. నిజాం కళాశాలలో చదివి హార్వర్డుకు వెళ్లి, 1949లో అక్కడ తీసిన ఛాయాఫలకం మీద ఒక తోకచుక్కను గుర్తించినాడు. తిరిగి వచ్చిన పిమ్మట జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలను నెలకొల్పినాడు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమితికి అధ్యక్షుడై, 1982లో కన్నుమూసినాడు. ఆ కావలూరులోనే 1988 ఫిబ్రవరి 17న రాజమోహన్ ఒక గ్రహశకలాన్ని కనుగొనగా దానికి రామానుజన్ పేరు పెట్టినారు. నూరేళ్లు దాటిన విరామం తీరినది. చూచుటకు బప్పు మాత్రం లేడు.

1979లో చిలీ దేశపు లా సియ్యానుండి వెస్ట్ కనుగొన్న 2596వ శకలం నేడు బప్పు పేరుతో తిరుగుచున్నది. వీధిదీపాల వెలుగులో తార్నాక మేడలనుండి అది కనబడదు. చీకటి రాత్రిలోనైనా కంటికి అందనంత మసకది. కొలిచినవారి పేర్లు శకలాల మీద లేకున్నా, ఆ పేరు వెనుక వారి ఓర్పును కూడ మనము తలచుట న్యాయము.