కుక్కపిల్లల సాంఘికీకరణ

కుక్కపిల్లల సాంఘికీకరణ అనగా కుక్కపిల్లను లేత వయసులోనే కొత్త మనుషులకు, ఇతర జంతువులకు, శబ్దాలకు, పరిసరాలకు బెదరకుండా అలవాటు చేయడం. కూర్చోమంటే కూర్చోవడం, పిలిస్తే రావడం వంటి శిక్షణ ఇందుకు భిన్నమైనది. శిక్షణ పెద్ద కుక్కకు కూడా ఇవ్వవచ్చును. సాంఘికీకరణకు మాత్రం గడువు ఉన్నది.

కీలక దశ

ఈ గడువు సుమారు 3వ వారం నుండి 12–14 వారాల వరకు ఉంటుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ జరిపిన దీర్ఘకాల పరిశోధనలు దీనికి ముఖ్య ఆధారం. వారి గ్రంథం 1965లో వెలువడినది. అంతకుముందు 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ ప్రకటించిన ప్రయోగంలో కంచె వేసిన మైదానంలో పెరిగిన పిల్లలను వేర్వేరు వయసులలో కొద్ది రోజులు మనుషుల వద్ద ఉంచారు. 14 వారాల వరకు మనిషి చెలిమి ఎరుగని పిల్లలు తరువాత మచ్చిక కావడం మిక్కిలి కష్టమయినది. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతలో మొక్క మాను కావడానికి ఏళ్ళు పడుతుంది. కుక్కపిల్లకు మూడు నెలలే వ్యవధి.

కొల్లేటి ప్రాంతంలో

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు పరిసరాలలో చేపల చెరువులు విస్తారంగా ఉన్నవి. చెరువు గట్టున కాపలాకని కట్టివేసిన కుక్కపిల్ల ఒక కాపలా మనిషిని తప్ప వేరెవరినీ చూడకుండానే ఈ దశ దాటిపోవచ్చు. కొత్తవారంటే బెదురు ఉంటేనే కాపలా బాగా కాస్తుందని కొందరి నమ్మకం. ఇది సరికాదు. బెదిరిన కుక్కకు దొంగకూ, మేత బస్తాలు దించే కూలీకీ, గట్టు మీదుగా బడికి పోయే పిల్లవానికీ తేడా తెలియదు. ఎక్కువ కాట్లకు మూలం ధైర్యం కాదు, భయమే.

అలవాటు చేయవలసినవి ఊరిని బట్టి మారుతాయి. లంక గ్రామాలలో దోనెలు, బాతుల మందలు, గేదెలు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టుకు వచ్చే లారీలు. ఏలూరు, తాడేపల్లిగూడెం రెండూ హౌరా–చెన్నై రైలు మార్గంలో ఉన్నందున రైలు కూత తప్పదు. దానిని మొదట దూరం నుండి వినిపించి, పిల్ల తిండి తింటూ ఆడుకుంటూ ఉంటేనే రోజురోజుకూ కొంత దగ్గరకు తీసుకువెళ్ళాలి. తోక ముడిచినా, వణికినా, తిండి ముట్టకపోయినా ఆ రోజుకు వెనుకకు మరలాలి. బలవంతంగా నిలబెడితే భయం ముదురుతుంది. దీపావళి టపాసులతో మొదటి పరిచయం చేయరాదు.

టీకాలు

చిక్కు ఇక్కడే ఉన్నది: టీకాలు పూర్తి అయ్యేసరికి గడువు దాదాపు ముగుస్తుంది. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి నిలుస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది కనుక పల్లపు ప్రాంతాలలో మరింత జాగ్రత్త అవసరం. అయినను, మొదటి టీకా వేసిన 7 రోజుల తరువాత, 7–8 వారాల వయసు నుండే ఆరోగ్యవంతమైన పిల్లలతో కలవనీయవచ్చునని అమెరికా పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2008లో సూచించినది. వీధి నేలపై దింపకుండా బుట్టలోనో చేతులలోనో త్రిప్పడం, టీకాలు పడిన కుక్కలున్న ఇళ్ళకు తీసుకువెళ్ళడం మధ్యే మార్గం.

రేబిస్ టీకా సాధారణంగా 3 నెలల వయసులో వేస్తారు. అప్పటివరకు పిల్ల పళ్ళు దిగినా తేలికగా తీసుకోరాదు. గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గడువు దాటిన కుక్కలు

వీటికి కూడా ఓపికతో భయం కొంత తగ్గించవచ్చును. అయితే నెలలు పడుతుంది, ఫలితం పాక్షికం. అటువంటి కుక్కను చిన్నపిల్లలతో ఒంటరిగా విడువరాదు.